సీటు ఇచ్చాం, పని బల్ల ఇచ్చామా?

(పర్లాకిమిడిలో తెలుగు కుటుంబాలు, చేతివృత్తులవారు, ఉపాధ్యాయులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక డిజైన్ కళాశాల అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న కొమ్ము పనివారికి, బరంపురం నుంచి వచ్చిన పట్టు నేతగాళ్లకు, గుమ్మా, సెరంగో వైపు నుంచి బస్సులు మారి వచ్చిన సవర విద్యార్థులకు, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా నమస్కారం. సభ తెలుగులో జరుగుతోంది. మీలో కొందరికి ఒడియా తేలిక, కొందరికి సవర తేలిక. అర్థం కానిచోట పక్కవారిని అడగండి. తెలిసినవారు వాళ్ల భాషలో చెప్పండి. నేను మాట్లాడుతుంటే కింద మాటలు వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

కళా, డిజైన్ కళాశాలల్లో వైవిధ్యం గురించి, అన్ని రకాల పిల్లలకూ చోటు దొరకడం గురించి మాట్లాడమన్నారు. ఈ మధ్య ప్రతి కళాశాల కరపత్రంలోనూ ఈ మాటలు కనిపిస్తున్నాయి. పక్కన నాలుగైదు రకాల దుస్తుల్లో నవ్వుతున్న పిల్లల ఫోటో ఉంటుంది. ఆ ఫోటో నిజమే కావచ్చు. కానీ ఫోటో తీసిన తరువాత ఆ పిల్లలు ఏ బల్ల దగ్గర కూర్చున్నారు, ఎవరి పనికి ఎన్ని మార్కులు పడ్డాయి, మొదటి సంవత్సరం చేరినవాళ్లలో నాలుగో సంవత్సరం దాకా ఎవరు మిగిలారు అన్నది నేను చూస్తాను. నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లవాణ్ణి చేర్చుకుంటే పని సగం కూడా కాలేదు. వాడు ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చిన విద్యను కళాశాల విద్యగా లెక్కగడుతోందా లేదా అన్నదే అసలు సంగతి. లెక్కగట్టకపోతే వాడు ఉన్నదంతా గేటు బయట వదిలేసి, ఉత్త చేతులతో లోపలికి వచ్చినట్టు అవుతుంది. అప్పటికే నగరంలో బొమ్మలు గీయడం నేర్చుకుని వచ్చిన పిల్లల కంటే నాలుగు మెట్లు కింద మొదలుపెడతాడు.

మన ప్రాంతం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1 వరకు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ రోజున ఒడిశా ఏర్పడింది. గీత మన ఇళ్ల మధ్య నుంచి పోయింది. ఇక్కడి నుంచి కాస్త దూరం పోతే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. రెండింటిలోనూ జనాభాలో సగానికి పైగా ఆదివాసులే. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర, దరఖాస్తు ఫారంలో ఇంగ్లీషు. చేతిపనుల విషయానికి వస్తే, దేశంలో ఏ డిజైన్ కళాశాలకూ ఇంతకంటే మంచి చుట్టుపక్కలు దొరకవని నమ్మకంగా చెబుతాను. ఈ ఊళ్లో కొమ్ము పని, గంజపా చీట్ల, అంటే చేత్తో బొమ్మలు వేసిన గుండ్రటి పేకముక్కల చిత్రకారులు. బరంపురంలో కుంభం అంచు పట్టుచీర. కొరాపుట్ జిల్లాలో కోట్‌పాడ్ నేత. కొండల మీద సవర గోడచిత్రాలు, డోంగ్రియా కోందుల కుట్టుపని శాలువలు. గంజాం జిల్లాలో ఖల్లికోటలో 1957లోనే ప్రభుత్వ కళా పాఠశాల పెట్టారు. ఇంత ఉన్నచోట మన పిల్లలు డిజైన్ కళాశాలలో తక్కువగా ఎందుకు కనిపిస్తున్నారు?

మొదటి అడ్డు ప్రవేశ పరీక్ష. పెద్ద డిజైన్ సంస్థల పరీక్షలు ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని హిందీలో కూడా ఇస్తారు. భాష సంగతి కాసేపు పక్కన పెట్టి, బొమ్మ సంగతి చూద్దాం. రైల్వే స్టేషన్‌లో నిలబడి చూస్తే కనిపించే దృశ్యం గీయండి అంటారు. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా, పట్టాలు దూరాన ఒక బిందువులో కలిసేటట్టు గీయాలి. శిక్షణ కేంద్రంలో ఏడాది పాటు ఇదే నేర్పుతారు. దానికి డబ్బు ఉండాలి, ఆ కేంద్రం ఉన్న నగరంలో ఉండగలగాలి.

పుట్టాసింగి వైపు ఒక సవర ఇంట్లో గోడ మీద ఇడితల్, అంటే సవర గోడచిత్రం, ఎలా వేస్తారో చూడండి. ముందు గోడకు ఎర్రమట్టి పూస్తారు. బియ్యప్పిండి కలిపిన తెల్లటి రంగు, చివర నలగ్గొట్టిన వెదురు పుల్ల. పూజ చేసే కుడాన్ చెప్పినట్టు, ఆ ఇంటి పితృదేవతల కోసం వేస్తారు. ముందుగా చుట్టూ చట్రం గీస్తారు. అది ఆ ఆత్మ ఉండబోయే ఇల్లు. అప్పుడు చట్రం నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు, గొడుగు పట్టినవాళ్లు. సైకిలు, విమానం కూడా ఆ గోడల మీదకి చాలాకాలం కిందటే వచ్చేశాయి. దాన్ని చూసేవాడు ఒకచోట నిలబడి ఉన్నాడని ఆ చిత్రం అనుకోదు. కొండ పక్క నుంచి కనిపిస్తుంది, పొలం పై నుంచి కనిపిస్తుంది, ఊరేగింపు బారుగా సాగిపోతుంది, అన్నీ ఒకే గోడ మీద, ఒక్కటీ ఇంకొకదానికి అడ్డం రాకుండా. ఎంత స్థలం ఉందో, అందులో ఎన్ని పట్టించాలో ముందే లెక్క వేసుకుంటే తప్ప ఆ పని కుదరదు. ఇది చూస్తూ పెరిగిన పిల్లవాడు పరీక్షలో రైల్వే స్టేషన్‌ను ఈ పద్ధతిలోనే గీస్తాడు. టికెట్టు కిటికీ, లోపల గుమస్తా, పట్టాలు, వంతెన, బండి లోపల కూర్చున్నవాళ్లు, అన్నీ ఉంటాయి. దిద్దేవారు దూరం, దగ్గర తెలియదు అని రాసి పక్కన పెడతారు. అదే సంవత్సరం అదే కళాశాల తన వార్షిక సంచిక అట్ట మీద సవర బొమ్మ వేసుకుంటుంది. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రాలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఈ పని ఈ ప్రాంతానిదే అనే అధికారిక ముద్ర, వచ్చిందని గోడ మీద అభినందన కూడా అతికిస్తుంది. సవర చిత్రం గొప్పదే, సవర పిల్లవాడు మాత్రం పరీక్ష తప్పాడు! ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

పరీక్ష వద్దని నేను అనడం లేదు. పరీక్ష ఒకే దారిలో ఉండకూడదు అంటున్నాను. కాగితం, పెన్సిలుతో పాటు బంకమట్టి, వెదురు బద్ద, దారం, పాత గుడ్డ బల్ల మీద పెట్టండి. నాలుగు గంటల సమయం ఇవ్వండి. ఏదైనా చేయమనండి. ఎందుకు అలా చేశావో నీ భాషలో చెప్పు అనండి. చేయి ఎలా కదులుతోంది, పదార్థం మాట వింటోందా, తప్పు జరిగితే ఎలా సర్దుకుంటోంది అన్నది ఎదురుగా కూర్చుని చూసిన అధ్యాపకుడికి అరగంటలో తెలిసిపోతుంది.

ఇక కళాశాల లోపలికి వద్దాం. కొమ్ము పని చూడనివారు ఈ సభలో తక్కువే, అయినా పిల్లల కోసం చెబుతాను. గేదె కొమ్ము నల్లగా ఉంటుంది, ఆవు కొమ్ములో కొంత వెలుతురు దూరుతుంది. మన గోరు, వెంట్రుక ఏ పదార్థంతో తయారవుతాయో కొమ్ము పైపొర కూడా దానితోనే తయారవుతుంది. దాన్ని కెరాటిన్ అంటారు. వేడి తగిలితే మెత్తబడుతుంది. పనివాడు కొమ్మును నిప్పుల సెగ మీద తిప్పుతూ ఉంటాడు. సెగ చాలకపోతే వంచేటప్పుడు పగులుతుంది. ఎక్కువైతే మాడి పొరలు లేస్తాయి. ఎక్కడ ఆపాలో ముక్కుకే తెలుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో తీసి, వంచి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచాలి. తరువాత రంపం, ఆకురాయి, చివరికి నూనె పెట్టి రుద్దడం. రొయ్య బొమ్మ చూశారు కదా, ఆ మీసాలు దారాల్లాగా ఉంటాయి. ఒక్క గీత ఎక్కువ గీకితే తెగిపోతాయి. అప్పటిదాకా చేసిన పనంతా పోతుంది.

అలాంటి ఇంటి కుర్రవాడు ఒకడు ఒక కళాశాలలో ఉత్పత్తి డిజైన్ చదవడానికి చేరాడు. పేర్లు అక్కరలేదు. మొదటి సెమిస్టరులో నచ్చిన పదార్థంతో ఒక వస్తువు చేయమన్నారు. వాడు కొమ్ము తెచ్చుకున్నాడు. వేడి చేశాడు. వెంట్రుకలు కాలినట్టు వాసన వచ్చింది. తోటి పిల్లలు ముక్కు మూసుకున్నారు. చచ్చిన గొడ్డు ముక్క అన్నారు. ఫిర్యాదు వెళ్లింది. మర్నాడు వాడి బల్లను వర్క్‌షాపు బయట, సైకిళ్ల షెడ్డు పక్కన వేశారు. ఎవరూ తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. బల్ల మాత్రం బయటికి పోయింది. ఆ తరువాత వాడు కొమ్ము తేలేదు. అందరిలాగే అట్టముక్కలతో నమూనాలు చేశాడు. ఆ పనిలో వాడు అందరిలాంటివాడే.

అదే గదిలో రెజిన్ పోత పోస్తారు, స్ప్రే రంగులు కొడతారు, థిన్నర్ డబ్బా మూత తీసి పెడతారు. ఆ గాలి ఊపిరితిత్తులకు మంచిది కాదని మనందరికీ తెలుసు. అయినా ఒక్క పిల్లవాడూ ఫిర్యాదు చేయడు. ఆ వాసన మనకు చదువు వాసనగా అలవాటైంది. కొమ్ము వాసనకు మాత్రం గొడ్డు గుర్తొస్తుంది, వాడ గుర్తొస్తుంది, కులం గుర్తొస్తుంది. వర్క్‌షాపులో గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి బిగిస్తే రెండు వాసనలూ పోతాయి. ఆ ఫ్యాను ఎలాగూ ఉండవలసిందే. చాలాకాలానికి మరో అధ్యాపకుడు వచ్చి ఆ పని చేయించాడు. ఆ కుర్రవాడి పెదనాన్నను పిలిపించి తరగతి మొత్తానికి కొమ్ము వంచడం చూపించమన్నాడు. ఆ రోజు పిల్లలు అడిగిన ప్రశ్నలు నేను విన్నాను. ఎంత వేడి కావాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, రెండు ముక్కలు అతుకుతాయా, కళ్లజోడు చట్రం చేయవచ్చా. ముక్కు మూసుకున్న పిల్లలే అడిగారు. పిల్లల్లో లోపం లేదు. వాళ్లకు ఎలా చూడాలో ముందే చూపించవలసింది పెద్దవాళ్లం.

జ్యూరీ గురించి చెప్పాలి. డిజైన్ కళాశాలలో సెమిస్టరు చివర పిల్లలు తమ పనిని బల్ల మీద పెట్టి అధ్యాపకుల ముందు నిలబడతారు. బయటి నుంచి కూడా నిపుణులు వస్తారు. నీ ఆలోచన ఏమిటి, ప్రేరణ ఏమిటి, ఎవరి కోసం అని అడుగుతారు. ఇదంతా ఇంగ్లీషులో. ఒక సవర అమ్మాయి బుట్ట చేసింది. అడుగు భాగం చూస్తే కాస్త వంకరగా ఉంది. ఇది ఎందుకు ఇలా ఉంది అని అడిగారు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఒక వాక్యం మొదలుపెట్టి ఆపేసింది. జ్యూరీ కాగితంలో పనితనం లోపించింది, ఆలోచన స్పష్టంగా లేదు అని రాశారు.

సాయంత్రం స్నేహితురాలి సాయంతో ఒడియాలో, సవరలో కలిపి అడిగితే ఆ అమ్మాయి ఇలా చెప్పింది. కొండ మీద నుంచి అనాసపళ్లు తలకెత్తుకుని దిగేటప్పుడు బుట్ట ముందుకు జారుతుంది. మా అమ్మ ఒక చేత్తో బుట్ట పట్టుకుంటుంది. దారిలో జారితే పట్టుకోవడానికి ఇంకో చేయి కావాలి, ఆ చేతిలో పిల్ల ఉంటుంది. చుట్టకుదురు విడిగా పెట్టుకుంటే అది కూడా నలిగి పక్కకి పోతుంది. అందుకని చుట్టకుదురునే బుట్ట అడుగులో కలిపి అల్లాను. ముందు వైపు కాస్త ఎత్తుగా ఉంచాను, దిగుడులో బరువు వెనక్కి ఉండాలని. ఎక్కేటప్పుడు బుట్ట ఖాళీ కాబట్టి ఇబ్బంది లేదు.

డిజైన్ అంటే ఇది కాకపోతే ఇంకేమిటో నాకు తెలియదు. ఎవరికి, ఏ నేల మీద, ఏ బరువుతో, చేతిలో ఇంకేం ఉండగా అన్నదంతా ఆ అమ్మాయి లెక్కలోకి తీసుకుంది. మా తరగతుల్లో ఖరీదైన పుస్తకాలు పెట్టుకుని నేర్పాలని తంటాలు పడేది దీన్నే. ఆ బల్ల దగ్గర సవర తెలిసిన ఒక మనిషి నిలబడి ఉంటే సరిపోయేది. సీనియర్ విద్యార్థి అయినా చాలు. ఇంగ్లీషులో బోధించే కోర్సులోనైనా విద్యార్థి తన భాషలో పరీక్ష రాయడానికి అనుమతించండి అని 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, అప్పటి అధ్యక్షుడు ఎం. జగదీశ్ కుమార్ విశ్వవిద్యాలయాలకు లేఖ రాశారు. రాతపరీక్షకే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు, జ్యూరీకి ఎందుకు ఉండకూడదు?

ఈ ఊళ్లో నిలబడి ఈ మాట అంటున్నప్పుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన ఇక్కడి రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బళ్లు పెట్టించారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. తెలుగు పిల్లల విషయంలో ఆయన పోరాటం పరీక్ష గదిలో మొదలైంది. పిల్లలు తమకు వచ్చిన భాషలో వ్యాసం రాస్తే తప్పెలా అవుతుందని అడిగారు. ఆ వాదన నెగ్గడానికి చాలాకాలం పట్టింది. ఈ రోజు నేను ఈ సభలో మాట్లాడుతున్న తెలుగు ఆయన గెలిపించిన తెలుగే. పంతులుగారి ఊరిలోని పిల్ల, పంతులుగారు నేర్చుకున్న భాషలో తన బుట్ట గురించి చెప్పలేక మార్కులు పోగొట్టుకోవడం మనం ఊరుకోవలసిన సంగతి కాదు.

ప్రమాణాలు పడిపోతాయి అనేవారు ప్రతి సభలోనూ ఉంటారు. వారి ఆందోళనను నేను గౌరవిస్తాను. వారికి బెంగాల్‌లోని శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ పెట్టిన కళా విద్యాలయం, కళాభవన్ సంగతి చెబుతాను. బంకురా నుంచి ఒక మంగలి కుటుంబం కుర్రవాడు 1925లో అక్కడికి వచ్చాడు, రామ్‌కింకర్ బైజ్. రాయి, కంచు కొనే స్తోమత లేదు. సిమెంటు, అక్కడి ఎర్రటి గులకరాయి కలిపి 1938లో సంతాల్ కుటుంబం అనే శిల్పం చేశాడు. కావడి మోస్తున్న తండ్రి, తల్లి, పిల్లలు, వెంట కుక్క. మన దేశపు ఆధునిక శిల్పకళ చరిత్ర చెప్పేవారు దాన్ని దాటి పోలేరు. అదే చోట బినోద్ బిహారీ ముఖర్జీ. పుట్టుకతోనే ఒక కన్ను కనిపించదు, రెండో కంటికి చూపు చాలా తక్కువ. ఇలాంటి కుర్రవాడికి చిత్రకళ ఎలా అని సందేహం వచ్చినప్పుడు, శ్రద్ధగా పని చేసుకుంటున్నాడు కదా, చేసుకోనివ్వండి అన్నట్టుగా రవీంద్రనాథ్ ఠాగూర్ మాట్లాడారట. అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ భక్తుల జీవితాలను బినోద్ బిహారీ 1946, 47 సంవత్సరాల్లో చిత్రించారు. 1950ల రెండో సగంలో పూర్తిగా చూపు పోయింది. ఆ తరువాత కూడా కాగితాలు కత్తిరించి అతికించారు, పెంకు పలకలతో గోడచిత్రం చేశారు. ఆ ఇద్దరూ మన ఇప్పటి ప్రవేశ పరీక్షకు వస్తే ఏమవుతారో మీరే ఊహించండి.

వైకల్యం గురించి చట్టం స్పష్టంగా ఉంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. సీటు సరే, వర్క్‌షాపు రెండో అంతస్తులో ఉంటే చక్రాల కుర్చీలో వచ్చిన పిల్ల ఏం చేయాలి? వినికిడి లేని విద్యార్థికి నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెబితే ఏం అందుతుంది? నేత తరగతిలో అలాంటి అమ్మాయిని మగ్గానికి ఎదురుగా, గురువు చేతులు, పెదవులు రెండూ కనిపించే చోట కూర్చోబెట్టాం. అంతే చేశాం. మూడో వారానికి తెగిన పోగును మా కంటే ముందు కనిపెట్టేది. మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. రంగుల సీసాల మీద పేరు, సంఖ్య రాసి పెడితే వాళ్లూ పని చేసుకుపోతారు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

ఆడవాళ్ల పేర్ల సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. కోట్‌పాడ్ నేత తీసుకోండి. 2005లో ఒడిశాకు వచ్చిన మొదటి భౌగోళిక గుర్తింపు దానిదే. నేసేది మిర్గాన్ కులంవారు. ఆ ముదురు ఎరుపు, ఆ గోధుమ రంగు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి వస్తాయి. నూలును ముందుగా పేడ, ఆముదం, బూడిద నీళ్లతో పదే పదే నానబెట్టి, పిసికి, ఎండబెట్టాలి. అప్పుడే రంగు పడుతుంది. ఇది వారాల తరబడి సాగే పని, ఎక్కువగా ఆడవాళ్లు చేసేది. మగ్గం మీద కూర్చున్నవాడి పేరు ప్రదర్శనలో కనిపిస్తుంది. రంగు పట్టించిన చేతుల పేరు కనిపించదు. మా విద్యార్థులు గ్రామానికి వెళ్లి వారం రోజులుండి, ఫోటోలు తీసి, పుస్తకం చేసుకుని వస్తారు. ఆ పుస్తకం అట్ట మీద విద్యార్థి పేరు, మార్గదర్శి పేరు. నేర్పినవారు లోపల ఎక్కడో ఒక స్థానిక మహిళ. ఇకమీదట మా విభాగంలో నేర్పినవారి పేరు, ఊరు అట్ట మీద ఉంటే తప్ప ఆ పుస్తకాన్ని దిద్దము. నేర్పిన రోజులకు కూలి కట్టివ్వాలి. ఒక ప్రతి వాళ్లకు అందాలి. పితృదేవతల కోసం వేసిన బొమ్మను ఫోను తొడుగు మీద అచ్చువేస్తానంటే, ముందు ఆ ఊరివాళ్లను అడిగి రావాలి. వద్దంటే మానుకోవాలి.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల గురించి ఈ సభలో మాట్లాడితే కొందరికి ఇబ్బందిగా ఉంటుందేమో అని ఒక పెద్దాయన అన్నారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్ల గుర్తింపును వాళ్లే చెప్పుకునే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది, 2019లో చట్టం వచ్చింది. కళాశాల చేయవలసింది చాలా మామూలు పనులు. హాజరు పట్టీలో వాళ్లు చెప్పిన పేరు రాయాలి, భయం లేకుండా వాడుకోగల మరుగుదొడ్డి ఉండాలి, హాస్టల్లో గది ఇవ్వాలి. మీ ఇంటి పిల్లే అయితే మీరు ఇవే అడుగుతారు.

సరిహద్దు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అది బయటివాళ్లకు అర్థం కాదు. షెడ్యూల్డ్ కులాలు, తెగల జాబితాలు రాష్ట్రానికొకటి. గీతకు అటు జాబితాలో ఉన్న కులం ఇటు జాబితాలో ఉండకపోవచ్చు. రెండు వైపులా ఉన్నా, తాత అటు నుంచి వలస వచ్చి ఉంటే, ఇక్కడి రాష్ట్ర కోటా కింద లెక్కలోకి రాదు. ప్రవేశాల వేళ మా కార్యాలయం కిటికీ దగ్గర ఒక కాగితంతో వచ్చి, ఇంకో కాగితం తెమ్మని పంపితే, తిరిగి రాని పిల్లలు ఉన్నారు. కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం ప్రవేశాల నెలలో పరుగెత్తి తీసుకునేవి కావు. పదో తరగతిలో ఉండగానే మొదలుపెట్టండి. ఏ కాగితం లేదో ముందే తెలిస్తే తహసీల్దారు కార్యాలయానికి మేం కూడా ఉత్తరం రాసి ఇస్తాం.

డబ్బు గురించి. ఫీజుకు ఉపకార వేతనం ఉంటుంది, ఆలస్యంగానైనా వస్తుంది. సామగ్రికి ఏమీ రాదు. డ్రాయింగు కాగితాలు, రంగులు, నమూనా గుడ్డ, కంప్యూటరు, ప్రింట్లు. పక్కపిల్ల కొన్న కాగితం తను కొనలేక, ఆకలిగా లేదని మధ్యాహ్నం భోజనం మానేసే పిల్లలు ఉన్నారు. అందుకే ప్రతి విభాగంలో ఉమ్మడి సామగ్రి గది ఉండాలి అని పట్టుబడుతున్నాం. ఖరీదైన కాగితం మీద చేసినందుకు మార్కులు కలపకూడదు. సిమెంటు, గులకరాళ్ల సంగతి ఇందాకే చెప్పాను.

పాఠం చెప్పేవారు కూడా మారాలి. గురువుల వరుసలో తమలాంటి మనిషి ఒక్కరూ లేని చోట పిల్లలు ఎంతకాలం ధైర్యంగా ఉంటారు? 2023లోనే స్థానిక కళాకారులను, చేతివృత్తులవారిని కళాశాలల్లో ఉంచి బోధింపజేయడానికి యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. డిగ్రీ లేదన్న సాకు ఇక చెల్లదు. కానీ పిలిచే పద్ధతి కూడా ముఖ్యం. హస్తకళల వారోత్సవానికి పిలిచి, తలపాగా చుట్టి, శాలువ కప్పి, గంటసేపు చేసి చూపించమని, ఫోటో తీసి పంపడం బోధన కాదు. సెమిస్టరు మొత్తం రావాలి, కాలపట్టికలో పేరు ఉండాలి, మార్కులు వేసే అధికారం ఉండాలి, జీతం నెలనెలా అందాలి. జ్యూరీలో మాతో సమానంగా కుర్చీ ఉండాలి. ఆ బుట్టను బుట్టలల్లే మనిషి చూసి ఉంటే అడుగు వంకర ఎందుకో అడగకుండానే చెప్పేది.

ఇప్పుడు మీతో పని. కొమ్ము పనివారిలో, చిత్రకారుల్లో, నేతవారిలో సెమిస్టరు పాటు పాఠం చెప్పడానికి రాగలిగినవారు సభ అయ్యాక నాకు పేరు, ఊరు ఇవ్వండి. ఆడవాళ్లు కూడా ఇవ్వండి, రంగు పని, కుట్టు పని, అల్లిక, ఏదైనా సరే. ఇంటి పని వదిలి రాలేకపోతే, పిల్లలనే మీ దగ్గరికి పంపే ఏర్పాటు చేస్తాం, కూలి మాత్రం కళాశాల ఇస్తుంది. అమ్మాయిని హాస్టలుకు పంపడానికి వెనకాడుతున్న తల్లిదండ్రులు ముందుగా వచ్చి గదులు, వంటశాల, కాపలా చూసుకుని వెళ్లండి. ఎవరి అనుమతీ అక్కరలేదు, నా పేరు చెప్పండి. ఉపాధ్యాయులు పదో తరగతి, ఇంటర్ పిల్లల్లో చేతిపని బాగా వచ్చినవారి వివరాలు, చదువులో మార్కులు తక్కువైనా సరే, రాసి పంపండి. ప్రవేశ పరీక్షలో మట్టి, వెదురు, దారం పెట్టాలన్న ప్రతిపాదన మా విద్యామండలి ముందు ఉంది. దానికి మద్దతుగా ఉత్తరం ఒకటి తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం, ఒడియాలో, తెలుగులో, సవరలో. చదివి, సరే అనుకుంటే సంతకం చేయండి. చేయనివారు అభ్యంతరం ఏమిటో కింద రాయండి, అది కూడా తీసుకెళ్లి చదివి వినిపిస్తాను. ఇక ప్రశ్నలు అడగండి, సవర పిల్లలతో మొదలుపెడదాం.